నల్ల ప్లాస్టిక్ తెల్లబడితే, టైరు గోధుమరంగుకు తిరిగితే

హైదరాబాద్ నాచారంలో మేముండే అపార్ట్‌మెంటులో ఫ్లాట్లు ఇరవై, సెల్లార్‌లో కార్లు పట్టే చోట్లు పద్నాలుగు. ఆలస్యంగా చేరినవాళ్ల బండ్లకు వీధే గతి. నా కారు అలా నాలుగు ఎండాకాలాలు గోడవారగా నిలబడింది. అదే ఏడాది కొన్న పక్క ఫ్లాటువారి కారు సెల్లార్ నీడలో పెరిగింది. రేకు మీది రంగు రెండింటికీ ఇప్పటికీ ఒకేలా మెరుస్తుంది. తేడా అంతా నల్ల ప్లాస్టిక్‌లోనే. వాళ్ల బంపర్ కింది అంచు కాటుకలా ఉంటే, నాది విభూతి పూసుకున్నట్టు తయారైంది. రేకును రంగు, దాని మీది క్లియర్ కోటు అనే పారదర్శక పూత కాస్తాయి. బంపర్ అంచులు, చక్రాల పైని పట్టీలు, సైడ్ మిర్రర్ల మొదళ్లు, వైపర్ల కింది జాలీ వంటివాటికి ఏ పూతా ఉండదు కాబట్టి ఎండ దెబ్బను నేరుగా తింటాయి.

కారు సామాన్ల దుకాణంలో "ప్లాస్టిక్ తెల్లబడింది, ఏదైనా ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒక సీసా చేతికి వస్తుంది. నేను రాణిగంజ్‌లో అలా మూడు కొన్నాను. తప్పు సీసాది కాదు. నా కారు మీది తెలుపు ఒక రకం కాదని, రెండు రకాలని అప్పటికి నాకు తెలియదు.

ముందు తడిగుడ్డ పరీక్ష

తెల్లబడిన చోటును షాంపూతో కడిగి, తడిగుడ్డతో తుడిచి చూడండి. తడిగా ఉన్నంతసేపు నల్లగా కనిపించి, ఆరగానే మళ్లీ తెల్లబడితే ప్లాస్టిక్ పైపొర ఎండకు చెడింది. తడిసినా తెల్లమచ్చ అలాగే ఉంటే దాని మీద ఏదో పేరుకుంది, లేదా గీత పడింది. ఈ రెండింటికీ వైద్యం వేరు.

తడిస్తే నలుపు, ఆరితే తెలుపు

కారణం: ఈ భాగాలు ఎక్కువగా పాలీప్రొపైలిన్‌తో చేసినవి. నలుపు కోసం అందులో కార్బన్ బ్లాక్ కలుపుతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని పొడవైన అణుగొలుసులను తెంచుతాయి. కంటికి కనబడని పగుళ్లు ఏర్పడి వెలుతురు చెల్లాచెదురవుతుంది, మనకు బూడిదరంగు కనిపిస్తుంది. నీరు ఆ పగుళ్లను నింపినంతసేపు నలుపు తిరిగి వస్తుంది. వేలితో రుద్దితే పొడి అంటుకుంటే చెడటం ముదిరిందన్నమాట. అన్నిటికన్నా ముందు చెడేది వైపర్ల కింది జాలీ. ఆకాశానికేసి వెల్లకిలా పడుకుని ఉంటుంది, పైగా ఇంజిన్ వేడి పక్కనే.

పరిష్కారంలో ముప్పాతిక భాగం శుభ్రం చేయడమే. నీడలో, ప్లాస్టిక్ చల్లబడ్డాక మొదలుపెట్టాలి. మే నెలలో మధ్యాహ్నం పన్నెండుకు బంపర్ మీద చెయ్యి పెట్టలేం, మందు ఏం నిలుస్తుంది? ఆల్ పర్పస్ క్లీనర్‌ను సీసా మీద రాసినంత నీళ్లలో కలిపి చల్లి, మెత్తని బ్రష్‌తో రుద్దండి. ప్లాస్టిక్ మీది సన్నని గరుకులో మట్టి ఎంత దాక్కుంటుందో అప్పుడు తెలుస్తుంది. నేను పాత టూత్‌బ్రష్‌తో జాలీ సందుల్లో రుద్దితే మొదట నల్లని నురుగు, తర్వాత ఎర్రమట్టి, ఆ పైన కుళ్లిన కానుగ రేకులు బయటపడ్డాయి. నురుగు తెల్లగా వచ్చేదాకా రెండుమూడు సార్లు చేసి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సగానికి సగం నీళ్లతో కలిపి గుడ్డతో తుడిస్తే జిడ్డు పోతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ ఇందుకు పనికిరాదు. వాటిలో చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, అది మళ్లీ జిడ్డే.

ఇక పూత. నీటి ఆధారిత డ్రెస్సింగ్ చవక, పూయడం తేలిక, కొన్ని వారాలే నిలుస్తుంది. రంగు కలిసిన రిస్టోరర్ బాగా తెల్లబడినవాటికి పనికొస్తుంది, కానీ పక్కనున్న రంగు రేకు మీద పడితే వెంటనే తుడవాలి. ప్లాస్టిక్ కోసం ప్రత్యేకంగా చేసిన సిరామిక్ కోటింగ్ ఖరీదెక్కువ, బాగా శుభ్రం చేసి పూస్తే ఏడాది పైన నిలుస్తుంది. వీధిలో కారు నిలిపేవారికి నేను చెప్పేది ఇదే. ఏది పూసినా చిన్న స్పాంజి మీద కొద్దిగా తీసుకుని పల్చగా పూయాలి. సీసా మీద రాసినంతసేపు ఆగి పొడిగుడ్డతో మిగులును తుడవాలి. అరచేతి వెడల్పు చోటులో ముందు పూసి, ఆరాక ఎలా ఉందో చూసి మిగతాది చేయండి.

హీట్ గన్ వీడియోలు చూసే ఉంటారు. వేడి తగలగానే తెల్లని బంపర్ నల్లగా మారిపోతుంది. మోసం కాదు, పైపొర కరిగి పగుళ్లు పూడతాయి. కానీ ఎండను ఆపే పూత ఏదీ చేరలేదు కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగితే ప్లాస్టిక్ వంకరపోతుంది, పక్క రంగు పొంగుతుంది. నేను వద్దనే అంటాను.

కొబ్బరినూనె సంగతి కూడా అడుగుతారు. పూసిన సాయంత్రం అద్దంలా ఉంటుంది. మర్నాడు మెట్రో పిల్లర్ల కింద నుంచి ఒక్కసారి తిరిగి వస్తే ఆ జిడ్డుకు ఊరి దుమ్మంతా పట్టుకుంటుంది.

తడిసినా పోని తెల్లమచ్చ

కారు మెరుపు కోసం పాలిష్ వేసినప్పుడు అది పక్కనున్న ప్లాస్టిక్ గరుకులో ఇరుక్కుని తెల్లని చారగా ఎండిపోతుంది. మచ్చ రేకు అంచు వెంబడే ఉంటే అనుమానం అక్కర్లేదు. ఆల్ పర్పస్ క్లీనర్, బ్రష్ లొంగదీయకపోతే పిల్లల పెన్సిల్ రబ్బరు తీసుకుని మెల్లగా రుద్దండి. నవ్వులాటగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. మరోసారి పాలిష్ వేసే ముందు ప్లాస్టిక్ అంచుల మీద మాస్కింగ్ టేపు అంటిస్తే ఈ శ్రమే ఉండదు.

మచ్చలు గుండ్రంగా, చుక్కలుగా ఉంటే అవి బోరు నీటి ఉప్పులు. కృష్ణా, గోదావరి నల్లా నీళ్లతో కడిగే ఇళ్లలో ఈ బెడద తక్కువ. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కడిగి ఎండలో ఆరనిస్తే బాత్‌రూమ్ కుళాయికి పట్టినట్టే పడుతుంది. కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్‌ను అంతే నీటిలో కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద రెండు నిమిషాలు ఉంచి, తుడిచి, వెంటనే బాగా కడగండి. ఇకముందు కడిగిన వెంటనే తుడవండి, అంతే.

గీతలైతే పూతతో పోవు, కనబడటం కాస్త తగ్గుతుంది.

టైరు గోధుమరంగుకు తిరిగితే

ఇది మట్టి అనుకుని నేను చాలాకాలం నీళ్లు కొడుతూనే ఉన్నాను. అది టైరులోంచే వస్తుంది. గాలిలోని ఓజోన్ రబ్బరును పగులగొడుతుంది. దాన్ని అడ్డుకోవడానికి తయారీలోనే 6పీపీడీ వంటి రసాయనాన్ని కలుపుతారు. అది నెమ్మదిగా పైకి చేరి, రబ్బరుకు బదులు తానే ఓజోన్‌కు బలై గోధుమరంగుకు మారుతుంది. అంటే ఆ రంగు రోగం కాదు, మందు పనిచేస్తోందనడానికి గుర్తు. చూడటానికి బాగుండదు కాబట్టి తీసేస్తాం.

టైర్ క్లీనర్ లేదా ఆల్ పర్పస్ క్లీనర్ చల్లి గట్టి బ్రష్‌తో టైరు పక్కభాగాన్ని రుద్దండి. మొదటిసారి కారే నురుగు అచ్చం ఇరానీ చాయ్ రంగులో ఉంటుంది. తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. నా కారుకు నాలుగుసార్లు పట్టింది. ఈ పొర తీయకుండా పైన మెరుపు పూస్తే పదిరోజుల్లో మరింత మురికిగా తేలుతుంది.

ఆరాక నీటి ఆధారిత టైర్ డ్రెస్సింగ్‌ను స్పాంజితో పల్చగా పూసి, కాసేపాగి మిగులును తుడిచి, తర్వాతే బండి కదపాలి. మందంగా పూసి వెంటనే బయల్దేరితే చక్రం తిరిగినప్పుడు అది చిమ్మి డోర్ల కింద నల్లచుక్కలు పడతాయి. రోడ్డును తాకే ట్రెడ్ మీద మాత్రం చుక్క కూడా పడకూడదు, బ్రేకు వేసినప్పుడు జారుతుంది. బైకు, స్కూటర్ టైర్లకైతే అసలు పూయవద్దు. మలుపులో బండి వాలినప్పుడు అంచు కూడా రోడ్డుకు ఆనుతుంది.

కారు కడిగించిన చోట టైర్లు తళతళలాడుతూ కిరసనాయిలు వాసన వస్తుంటే, తర్వాతిసారి ముందే వద్దని చెప్పండి. కొన్నిచోట్ల డీజిల్, కిరసనాయిలు, వాడేసిన ఇంజిన్ ఆయిల్ కొడతారు. ఆ సాయంత్రానికి మెరుపే కానీ ఇవి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి.

పగుళ్లు, ఉబ్బులు

ఇక్కడ పాలిష్ సీసా పక్కన పెట్టాలి. టైరు పక్కభాగంలో వెంట్రుకవాసి గీతలుంటే టైరు వయసు చూడండి. డాట్ (DOT) అని ఉన్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. ఒక పక్కన కనబడకపోతే రెండో పక్కన ఉంటుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏడాదికోసారి చూపించాలని, పదేళ్లు దాటితే ట్రెడ్ మిగిలినా మార్చాలని పలు టైర్ల కంపెనీలు చెబుతాయి. నెలల తరబడి కదలని కారుకు పగుళ్లు త్వరగా వస్తాయి. టైరు తిరుగుతూ వంగుతుంటేనే లోపలి రక్షక పదార్థాలు పైకి చేరుతుంటాయి. గీతలోకి వేలిగోరు దిగుతున్నా, లోపలి దారాలు కనబడుతున్నా మార్చాల్సిందే.

గుంతలో గట్టిగా పడిన తర్వాత పక్కభాగం నిమ్మకాయంత ఉబ్బితే లోపలి దారాలు తెగాయి. దానికి అతుకు లేదు, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకుండా నెమ్మదిగా దగ్గర్లోని టైర్ల దుకాణానికి వెళ్లండి. ట్రెడ్ 1.6 మిల్లీమీటర్లకు అరిగినా మార్చాలి. ట్రెడ్ గాడుల మధ్యలో ఉండే చిన్న దిమ్మెలకు రబ్బరు సమమైతే ఆ హద్దుకు వచ్చినట్టే.

నాలుగూ చూశాక డిక్కీ తెరిచి స్టెప్నీ మీది అంకెలు కూడా చదవండి. నా కారుకు నాలుగు చక్రాల టైర్లు రెండుసార్లు మారాయి, స్టెప్నీ మాత్రం షోరూమ్ నుంచి వచ్చిందే. దాని మీద ఒక్క గోధుమమచ్చ లేదు, పక్కభాగం చుట్టూ సన్నని పగుళ్లున్నాయి.