షాక్ దెబ్బకు ఘన పదార్థాలు, 4వ పాఠం: స్పాల్‌ను లెక్కగట్టడం

లోహపు పలకను ముందు నుంచి గట్టిగా కొడితే, అది తరచూ దెబ్బ తగిలిన ముఖాన కాకుండా వెనుక ముఖానికి దగ్గరగా, లోపల చీలుతుంది. దీన్నే స్పాల్ అంటారు. షాక్ తరంగం పదార్థాన్ని నొక్కుతూ వెళ్తుంది. వెనుక ముఖానికి అవతల అడ్డేమీ లేదు కనుక అక్కడి నుంచి విడుదల తరంగమై, అంటే నొక్కుడును సడలించే తరంగమై తిరిగొస్తుంది. కొట్టిన పలక, అంటే ఫ్లయర్, వెనుక వైపు నుంచీ అలాంటిదే ఒకటి బయల్దేరుతుంది. రెండూ ఎదురెదురై దాటుకున్న చోట నొక్కుడు పోయి లాగుడు మొదలవుతుంది. చీలేది అక్కడే.

2 మి.మీ. రాగి ఫ్లయర్ 400 మీ/సె వేగంతో 4 మి.మీ. రాగి పలకను తాకిందనుకోండి. రెండూ ఒకే లోహం కాబట్టి కణవేగం, అంటే షాక్ వెనుక పదార్థం కదిలే వేగం, అందులో సగం, 200 మీ/సె. రాగిలో ధ్వనివేగం 3940 మీ/సె, కణవేగాన్ని గుణించాల్సిన రాగి గుణకం 1.49 కనుక షాక్ వేగం 3940 + 1.49 × 200 = 4238 మీ/సె. సాంద్రత 8930 కిలోలు/ఘ.మీ., షాక్ వేగం, కణవేగం మూడింటినీ గుణిస్తే పీడనం సుమారు 7.6 గిగాపాస్కల్. చీలిక తలం వెనుక ముఖం నుంచి దాదాపు ఫ్లయర్ మందమంత లోపల, అంటే 2 మి.మీ. దగ్గర వస్తుంది.

ఇక వెనుక ముఖం వేగాన్ని లేజర్‌తో కొలిచిన గ్రాఫ్ చూడండి. వేగం 400కి ఎగబాకి, కాసేపు నిలిచి, 320కి జారి మళ్లీ లేస్తుంది. చీలిక తెరుచుకోగానే లాగుడు సడలి, ఆ కబురు నొక్కుడు తరంగంగా వెనుక ముఖానికి చేరడమే ఈ లేవడం. అది కనిపించకపోతే పలక పూర్తిగా చీలలేదన్నమాట. పడిపోయిన వేగం 80 మీ/సె. స్పాల్ బలం, అంటే చీలేముందు లోహం తట్టుకున్న లాగుడు = ½ × 8930 × 3940 × 80, అంటే 1.4 గిగాపాస్కల్.

ఈ అంకెను రాగి స్థిరాంకంగా రాసుకోకండి. వేగం ఎంత త్వరగా పడితే బలం అంత ఎక్కువగా కనిపిస్తుంది. ఆ 80 మీ/సె 0.2 మైక్రోసెకండ్లలో పడితే, వికృతి రేటు, అంటే పదార్థం సాగే వేగం, 80 ÷ (2 × 3940 × 0.2 × 10⁻⁶), అంటే సెకనుకు సుమారు 50,000. బలం పక్కనే ఈ రేటూ రాయాలి. రేటు లేని స్పాల్ బలాన్ని మరో ప్రయోగంతో పోల్చలేం.

ప్రయోగాన్ని ఎక్కువగా చెడగొట్టేది ఫ్లయర్ వాలు. ఒక్క మిల్లీరేడియన్ వాలినా 40 మి.మీ. వెడల్పులో ఒక అంచు 0.1 మైక్రోసెకండ్ ఆలస్యంగా తాకుతుంది. షాక్ నిలిచేదే దాదాపు ఒక మైక్రోసెకండ్.

కొట్టిన పలకను మెత్తటి పదార్థంలో పట్టుకోండి. గట్టి గోడకు తగిలితే ఏ పగులు ఏ దెబ్బదో తేల్చలేరు. అడ్డంగా కోసి చూస్తే రాగిలో గుండ్రటి చిన్న ఖాళీలు ఒకే వరుసలో ఉంటాయి, కొన్ని పక్కదానితో కలిసిపోయి ఉంటాయి. పాలిష్ చేసేటప్పుడు మెత్తటి రాగి ఆ ఖాళీల మీదికి పాకి వాటిని మూసేస్తుంది. అందుకే పాలిష్‌కూ పాలిష్‌కూ మధ్య పలుచగా ఎచింగ్ చేయాలి, అంటే రసాయనంతో పైపొరను కొద్దిగా కరిగించాలి.

అభ్యాసం: చీలిన పొరలో తరంగం అటూఇటూ తిరుగుతూ గ్రాఫ్‌లో 0.8 మైక్రోసెకండ్లకోసారి ఊగిసలాట చూపింది. తరంగవేగం 3940 మీ/సె అనుకుని పొర మందం కట్టండి. జవాబు 1.6 మి.మీ.కు దగ్గరగా రావాలి. రెట్టింపు వస్తే, రానుపోను దూరాన్ని 2తో భాగించడం మరిచారు.