ముసురులో ఎఫ్40: తెరిపిచ్చే దాకా ఎర్ర డబ్బా ముట్టకండి

జులై వచ్చిందంటే మా విశాఖలో తువ్వాలు ఆరడానికే రెండు రోజులు పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సెలవులు కలిసొచ్చి, అటక మీదున్న ప్లాస్టిక్ కారు మోడల్ కిట్ పెట్టె కిందకి దిగుతుంది. ప్లాస్టిక్ కోసుకోండి, అంటించుకోండి, ఎవరూ వద్దనరు. స్ప్రే డబ్బా రంగు జోలికి వెళ్లే ముందు మాత్రం ఇది చదవండి.

నా బల్ల మీదున్నది మోడల్ కిట్లు చేసే టమియా వాళ్ల 1/24 ఫెరారీ ఎఫ్40, అంటే అసలు కారులో 24వ వంతు. అసలు కారు 1987లో, కంపెనీకి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా వచ్చింది. పొడవు 4,358 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 18 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే ఒక జానెడు. బరువు తగ్గించాలని దాని మీద రంగు ఎంత పల్చగా కొట్టారంటే, కింద ఉన్న కార్బన్ ఫైబర్ నేత పైకి కనబడుతుంది. మోడల్ మీద మన రంగు పొరలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్నా, అసలు కారు లెక్కలో అది 2.4 మిల్లీమీటర్లు. గోడకి లప్పం పెట్టినట్టే! వానాకాలంలో రంగు చెడిందని మళ్లీ మళ్లీ కొడుతూ పోతే చివరికి అయ్యేది అదే. అందుకే చెడకుండా చూసుకోవడం మీద ఇంత గోల.

పోయిన ఆగస్టులో నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. బయట ఒకటే చెమ్మ. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కదా అని మోడల్ కారు బాడీని రాత్రంతా అక్కడే, 24 డిగ్రీల్లో పెట్టాను. పొద్దున్నే బాల్కనీలోకి తెచ్చి వెంటనే టమియా స్ప్రే డబ్బా, టీఎస్-8 ఇటాలియన్ రెడ్ కొట్టాను. తడి మీద అద్దంలా ఉంది. రెండు నిమిషాలు కూడా కాలేదు, బానెట్ మీద పాలు కాచి చల్లార్చినప్పుడు కట్టే మీగడలాంటి తెల్లటి పొర. రెక్క అంచుల్లో అయితే ఎరుపు పోయి బెల్లం పాకం రంగు తేలింది.

జరిగింది ఇది. ఈ డబ్బాల్లో ఉండేది లాకర్ (lacquer) రంగు. అందులో రంగుని పల్చన చేసే థిన్నర్ చాలా తొందరగా ఆవిరవుతుంది, అవుతూ అవుతూ కింద ఉన్న వేడిని లాక్కుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. రంగు మీది పొర చల్లబడగానే గాలిలోని తేమ దాని మీద చుక్కలు కట్టి, రంగు గట్టిపడేసరికి లోపల ఇరుక్కుపోతుంది. దీన్నే బ్లషింగ్ అంటారు. నేను దానికి ముందే ఇంకో తప్పు చేశాను. బయట 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకోండి, సుమారు 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా చెమట పడుతుంది. 24 డిగ్రీల బాడీకి పట్టకుండా ఎలా ఉంటుంది? కళ్లజోడు పెట్టుకుని ఏసీ కారు దిగేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

కాబట్టి బాడీని రంగు కొట్టే చోటే కనీసం అరగంట ఉంచండి. గాలిలో తేమ ఎంతుందో చూపించే చిన్న మీటర్ ఒకటి కొనుక్కోండి. ఫోన్లో వాతావరణం చూసి మోసపోవద్దు. అది ఊరి లెక్క చెబుతుంది, మీ బాల్కనీ లెక్క కాదు. 70 శాతం దాటితే నేను డబ్బా మూత తియ్యను. ముసురు పట్టినా మధ్యలో ఒక పూట తెరిపిస్తుంది. మా వైపు మధ్యాహ్నం పదకొండు, మూడు మధ్య ఒక్కోసారి మీటర్ దిగుతుంది. తెల్లవారుజామున, రాత్రి మాత్రం అస్సలు వద్దు.

కొంతమంది డబ్బాని గోరువెచ్చని నీళ్లలో ఉంచుతారు. మంచిదే, లోపల ఒత్తిడి పెరిగి తుంపర సన్నగా పడుతుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు, 40 డిగ్రీలు దాటనివ్వకండి. పొయ్యి మీద గిన్నెలో పెట్టే సాహసం అసలే వద్దు, అది పేలే వస్తువు. నీళ్లలోంచి తీశాక డబ్బాని అడుగుతో సహా తుడవండి. నేను తుడవకుండా ఊపితే ఒక్క చుక్క ఎగిరి మోడల్ తలుపు మీద పడింది. ఆ మచ్చ చుట్టూ అరగదీయడానికి ఒక ఆదివారం పోయింది.

తెల్లబడిందా? గుడ్డ పెట్టి తుడవకండి, కంగారులో ఇంకో పొర కొట్టకండి. అలాగే వదిలెయ్యండి. పొడిగా ఉన్న రోజు చూసి పల్చగా ఒక పొర వేస్తే, లాకర్ కింది పొరని కాస్త కరిగిస్తుంది కాబట్టి లేత తెలుపు దానంతటదే పోతుంది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే పెన్ను లాంటి పరికరం) ఉన్నవాళ్లు నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్‌ని మంచులా చల్లినా పని అవుతుంది. ఏదీ కుదరకపోతే తడిపి రుద్దే 2000 నంబరు వాటర్ పేపర్, ఓపిక. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ చవకే, అది ఎయిర్‌బ్రష్ కడగడానికి పెట్టుకోండి. ప్లాస్టిక్ మీద పడితే దాన్నే తినేస్తుంది.

వాన పడుతోందని కిటికీలు మూసి గదిలోనే స్ప్రే చేసేవాళ్లున్నారు. ఏసీ అయితే గదిలోని గాలినే తిప్పి తిప్పి కొడుతుంది, ఆవిరిని బయటికి పంపదు. డబ్బాలోంచి రంగుని తోసేది మండే గ్యాసు. దేవుడి గూట్లో దీపం, మూలన దోమల చుట్ట, వంటింట్లో పొయ్యి, ఇవేవీ వెలుగుతూ ఉండకూడదు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, ఎన్95 కూడా ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, అంటే థిన్నర్ ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బీ, ఉన్న మాస్కే కావాలి. పని అయ్యాక దాన్ని గాలి చొరని జిప్ కవర్లో పెట్టండి. లోపలి బొగ్గు బయట వదిలేసినా ఏదో ఒకటి పీల్చుకుంటూనే ఉంటుంది, తొందరగా అయిపోతుంది.

ఇక తెరిపి కోసం ఎదురుచూసే రోజుల్లో పని తక్కువేం లేదు. బాడీని సబ్బుతో కడగండి, అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. తలుపు గీతలు, బానెట్ గీతలు కత్తి వెనక వైపుతో కాస్త లోతు చెయ్యండి. లేకపోతే ప్రైమరు (రంగుకి ముందు వేసే అడుగు పొర), ఎరుపు, క్లియరు (పైన వేసే రంగులేని మెరుపు పొర) మూడూ పడ్డాక గీతలు పూడుకుపోయి తలుపులు లేని కారు అవుతుంది. ఎరుపు కింద గులాబీ రంగు ప్రైమర్ బాగా నప్పుతుంది.

ఇంజిన్‌కి నీళ్లతో కలిపే మోడల్ రంగులు బ్రష్‌తో వేసుకోవచ్చు, వాటికి బ్లషింగ్ భయం లేదు, ఆరడమే కాస్త ఆలస్యం. స్పార్క్ ప్లగ్ తీగలు పెడతారా, అసలు తీగ 8 మిల్లీమీటర్లు అనుకుంటే మనకి 0.3 కావాలి. పాడైన చార్జర్ వైరు చీలిస్తే అంత సన్నని తీగ దొరకొచ్చు. ఈ కారు లోపల కార్పెట్ లేదు, రేడియో లేదు, తలుపు తెరవడానికి హ్యాండిల్ బదులు ఒక తీగే. డీటెయిలింగ్ చేసేవాడికి ఇంత చవకైన ఫెరారీ ఇంకోటి దొరకదు.

అద్దాల దగ్గర మాత్రం ఫెవిక్విక్ వద్దు. దాని పొగ అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, గాలిలో చెమ్మ ఉంటే మరీను. వెనక ఇంజిన్ మీదొచ్చే గాట్లున్న పారదర్శక మూత ఈ కారుకే అందం, అది పొగచూరితే దాపరికం లేదు. చీపురుపుల్ల చివర ఫెవికాల్ చుక్క చాలు.

డెకాల్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తుల) కాగితాన్ని బూట్ల పెట్టెలో వచ్చే సిలికా పొట్లంతో కలిపి జిప్ కవర్లో దాచండి. పసుపు బిళ్ల మీది నల్ల గుర్రం ఎంత చిన్నదో చూశారుగా, దాని మీద టీఎస్-13 క్లియర్ మొదటిసారే తడిగా కొడితే ముడతపడి కరుగుతుంది. ముందు రెండు పొరలు దూరం నుంచి దుమ్ములా చల్లి, ఆరాకే తడి పొర.

చెమట చేతుల్లో కత్తి జారుతుంది. గుండ్రటి పిడి బల్ల మీంచి దొర్లితే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి లాక్కోండి.

చివరిగా, మీటర్ 70 లోపు చూపించినా సరే, బాడీ మీద కొట్టే ముందు ఒక ప్లాస్టిక్ చెంచా వెనక్కి కొట్టి అయిదు నిమిషాలు ఆగండి. మెరుస్తూ ఉంటే బాడీ తియ్యండి. తెల్లబడితే డబ్బా మూత పెట్టేసి, ఆ ప్లగ్ తీగల సంగతి చూడండి. ఎనిమిది సిలిండర్లు, ఎలాగూ సాయంత్రం దాకా పడుతుంది.