స్వీడిష్‌లో చదువుకున్నవాళ్లు అకడమిక్ ఇంగ్లీష్ మాటలు ఎలా నేర్చుకోవాలి?

స్వీడన్‌లో పెరిగిన పిల్లలు, అక్కడి మన తెలుగు పిల్లలతో సహా, ఇంగ్లీష్ గడగడా మాట్లాడేస్తారు. మాస్టర్స్‌కి వచ్చి ఇంగ్లీష్‌లో థీసిస్ రాయాల్సి వచ్చినప్పుడే టెన్షన్ మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఇలాంటి థీసిస్‌లు దిద్దుతున్నాను. ఎవరిది తీసినా అవే తప్పులు.

కావాల్సినవి: ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను, మీ సబ్జెక్టులో రెండు మంచి పేపర్లు, భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్, అంటే చదువుల రాతల్లో తరచూ వచ్చే ఇంగ్లీష్ మాటల జాబితా. అందులో 570 పదాల కుటుంబాలున్నాయి (ఒకే మూలం నుంచి వచ్చిన మాటలన్నీ ఒక కుటుంబం), 10 భాగాలుగా. ఎక్కువగా వాడేవి మొదటి భాగంలో ఉంటాయి. యాప్‌లు వద్దు, చేత్తోనే రాయాలి.

ముందు, స్వీడిష్‌లోనూ అదే అర్థంతో ఉన్నవాటిని కొట్టేయండి. మెథడ్‌ని వాళ్లు మెటూడ్ అంటారు, ఎనలైజ్‌ని అనలిసేరా అంటారు. ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒక సాయంత్రం పని.

తర్వాత, స్వీడిష్ తన సొంత మాటతో చెప్పేవి. కాంటెక్స్ట్‌కి సమ్మన్‌హాంగ్, ఇన్వెస్టిగేట్‌కి ఉండెర్షోకా. ఇవి రోజుకు పది చొప్పున రాసుకుంటే చాలు.

అసలు కష్టం మూడో మెట్టు దగ్గర. ఇక్కడ తొందరపడొద్దు. చూడ్డానికి ఒకేలా ఉండి, అర్థం వేరైన మాటలివి. హిందీలో ఉపన్యాస్ అంటే నవల, మనకేమో ఉపన్యాసం అంటే ప్రసంగం. సరిగ్గా అలాంటివే.

స్వీడిష్‌లో ఎవెంటుఎల్ట్ అంటే 'బహుశా'. ఇంగ్లీష్‌లో ఈవెంచువల్లీ అంటే 'చివరికి'. నర్సింగ్ చదివే ఒక అమ్మాయి తన థీసిస్‌లో 'రోగులకు ఈవెంచువల్లీ ఆపరేషన్ అవసరమైంది' అని ఇంగ్లీష్‌లో రాసింది. కింద పట్టికలో ఆపరేషన్ల గడిలో సున్నా ఉంది. అవసరం పడొచ్చు అన్నది ఆమె ఉద్దేశం, చదివేవాళ్లకేమో ఆపరేషన్ జరిగిందనే అర్థమవుతుంది. వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పూ లేదు. కంప్యూటర్ పట్టుకోదు, రాసినవాళ్ల కంటికీ ఆనదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మూడు ఉన్నాయి. అక్టుఎల్ అంటే 'ప్రస్తుత', దాన్ని యాక్చువల్ అని రాసేస్తారు. కొన్సెక్వెంట్ అంటే 'మొదటినుంచీ ఒకే తీరుగా', అంటే ఇంగ్లీష్‌లో కన్సిస్టెంట్. కాన్సీక్వెంట్లీ అని రాస్తే 'అందువల్ల' అయిపోతుంది. కొంట్రొలేరా అంటే మామూలుగా 'సరిచూడటం'. సైన్స్ పేపర్‌లో కంట్రోల్ చేశాం అంటే అర్థమే వేరు, ఏదో ఒక అంశం ప్రభావాన్ని అదుపులో పెట్టాం అని. ఆ ఒక్క మాటతో మీరు చేయని ప్రయోగం చేసినట్టు రాసినవాళ్లవుతారు.

వీటికి నేను చేయించేది ఇదే. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద స్వీడిష్ వాక్యం, కుడి పేజీ మీద దానికి సరైన ఇంగ్లీష్ వాక్యం, దాని కిందే తప్పు వాక్యం, ఆ తప్పు వాక్యానికి వచ్చే అర్థం. నాలుగూ రాయాలి. ఫ్లాష్‌కార్డుల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. కార్డు మీద ఒక మాటకు ఒక అర్థం ఉంటుంది, మనం తప్పేది మాత్రం వాక్యంలో. థీసిస్ పూర్తయ్యాక ఈవెంచువల్లీ, యాక్చువల్, కాన్సీక్వెంట్లీ, కంట్రోల్ అనే ఈ నాలుగు మాటలనూ ఫైల్‌లో ఒక్కొక్కటిగా వెతికి, దొరికిన ప్రతిచోటా ఆగి చదవండి.

చివరిగా, నామవాచకాన్ని ఒంటరిగా నేర్చుకోవద్దు, క్రియతో కలిపి నేర్చుకోండి. కన్‌క్లూజన్‌కి డ్రా అన్నది స్వీడిష్‌లోనూ అంతే, దానికి ఇబ్బంది లేదు. ఇన్వెస్టిగేషన్‌కి మాత్రం స్వీడిష్ అలవాటు కొద్దీ మేక్ అని పెట్టేస్తారు, కండక్ట్ అని ఉండాలి. మీరు పక్కన పెట్టుకున్న రెండు పేపర్లలో ఇలాంటి జంటలు ఎక్కడ కనిపించినా గీత గీసి, నోట్‌బుక్ వెనక పేజీల్లోకి ఎక్కించుకోండి.