హెచ్1బీ రూల్ మారుస్తామన్నప్పుడు మన కామెంట్ ఎలా రాయాలి

2023 అక్టోబర్‌లో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ హెచ్1బీ రూల్స్ మారుస్తామంటూ ఒక ప్రతిపాదన ప్రచురించింది. అందులో ఒక వాక్యం చదివి నాకు చెమటలు పట్టాయి. బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ లాంటి జనరల్ డిగ్రీతో సరిపోయే ఉద్యోగం స్పెషాలిటీ ఆక్యుపేషన్ (ప్రత్యేకమైన డిగ్రీ ఉంటేనే చేయగల పని, హెచ్1బీ ఉద్యోగ వీసా దానికే ఇస్తారు) కిందికి రాదని దాని అర్థం. నాది ఎంబీఏ. వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు టెన్షన్ పడ్డాక, కూర్చుని కామెంట్, అంటే ప్రతిపాదన మీద ఎవరైనా శాఖకు పంపగలిగే అభిప్రాయం, రాశాను. ఇలాంటి ప్రతిపాదనలు వస్తూనే ఉంటాయి కాబట్టి, అప్పుడు నేర్చుకున్నది చెబుతున్నాను.

ముందు మీ సమస్య చట్టంలో ఉందా, రూల్‌లో ఉందా చూసుకోండి. ఏటా ఇచ్చే 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000, గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి... ఇవన్నీ కాంగ్రెస్ చేసిన చట్టంలోవి. శాఖకు ఎన్ని కామెంట్లు రాసినా ఇవి కదలవు. వీటి కోసం మీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుకు ఫోన్ చేయాలి. పౌరులం కాకపోయినా చేయొచ్చు. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఆ 7 శాతాన్ని ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది, కానీ చట్టం కాలేదు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు అధ్యక్షుడి ప్రకటన. దాని మీద జనం కామెంట్లు అడగనే లేదు.

డిగ్రీ నిర్వచనం, లాటరీ తీసే పద్ధతి, హెచ్4 వాళ్ల (హెచ్1బీ వాళ్ల భార్యాభర్తల) పని అనుమతి, ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి దొరికే 60 రోజులు మాత్రం శాఖ పెట్టిన రూల్స్. రూల్ మార్చాలంటే, 1946 నాటి చట్టం ప్రకారం, మామూలుగా ముందు ప్రతిపాదన ప్రచురించి జనం మాట వినాలి. ముఖ్యమైన అభ్యంతరాలకు జవాబు కూడా రాయాలి. వాళ్లు జవాబు చెప్పక తప్పనట్టు మనం రాయాలి.

ప్రతిపాదన ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజెట్‌లో ఉంటుంది. మొత్తం చదవాలని కూర్చుంటే మొదటి పది పేజీల్లోనే ఓపిక అయిపోతుంది. మొదట ఉండే సారాంశం చదివి, నేరుగా చివరికి వెళ్లండి. మారబోయే రూల్ అక్షరాలా అక్కడే ఉంటుంది. మీకు తగిలే వాక్యం ఒక్కటి పట్టుకుని, దాని సెక్షన్ నంబర్ రాసుకోండి.

ఇక రాయడం. మొదటి రాత్రి నేను రెండు పేజీలు రాశాను. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూపులు, అమ్మకు బాగోలేనప్పుడు స్టాంపింగ్ (ఇండియా వెళితే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) భయంతో ఆగిపోవడం, అన్నీ. మర్నాడు చదువుకుంటే ప్రతి మాటా నిజమే, కానీ ఆ వాక్యం గురించి ఒక్క ముక్కా లేదు. అది పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకున్నాను. ఆసుపత్రులకు వెళ్లే మందుల స్టాక్ ఎంత కావాలో ముందే అంచనా వేయడం నా ఉద్యోగం. ఎడమవైపు నేను రోజూ చేసే పనులు, కుడివైపు దానికి పనికొచ్చిన ఎంబీఏ సబ్జెక్టులు రాశాను. గడువు దాటిపోయే మందు ఎంత ఆర్డర్ పెట్టాలి అన్నదాని ఎదురుగా స్టాటిస్టిక్స్. సరుకు ఆలస్యమైతే ఎంత నిల్వ ఉండాలి అన్నదాని ఎదురుగా ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్. ఆ జాబితానే నా కామెంట్ అయింది. చివర ఒకే ఒక్క కోరిక: “డిగ్రీ పేరు చూడకండి, చదివిన సబ్జెక్టులకూ చేసే పనికీ సంబంధం చూడండి. ఈ వాక్యంలోంచి బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అనే మాట తీసేయండి.”

గ్రూపుల్లో తిరిగే రెడీమేడ్ కామెంట్‌ను మాత్రం పేస్ట్ చేయకండి. ఒకేలాంటివి వెయ్యి వచ్చినా వాటిలో ఉన్న వాదన ఒక్కటే, జవాబూ ఒక్కటే.

కామెంట్ ఇంగ్లిష్‌లో ఉండాలి, లేదా ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. నేనైతే ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్చాను. నిజంగా ఏం జరిగిందో అలా రాస్తేనే సూటిగా వచ్చింది. రెగ్యులేషన్స్ డాట్ గవ్ సైట్‌లో ఆ ప్రతిపాదన డాకెట్ నంబర్‌తో (దాని ఫైలు నంబర్‌తో) వెతికి పంపాలి. బాక్సులో 5,000 క్యారెక్టర్లే పడతాయి, ఎక్కువైతే పీడీఎఫ్ జతచేయండి. గడువు 30 రోజులు ఉండొచ్చు, 60 ఉండొచ్చు. చివరి రాత్రి దాకా ఆగకండి.

“మన పేరు చూసి వీసాకు ఇబ్బంది పెడతారేమో” అని చాలామంది ఆగిపోతారు. పేరు లేకుండా అనానిమస్‌గా పంపే వీలుంది. కామెంట్లు అందరికీ కనిపిస్తాయి కాబట్టి పాస్‌పోర్టు నంబర్, రిసీట్ నంబర్, కంపెనీ పేరు ఎక్కడా రాయకండి. జతచేసే పీడీఎఫ్‌లో కూడా ఒకసారి చూసుకోండి.

తుది రూల్ 2024 డిసెంబర్ 18న వచ్చింది. తెరవగానే నా డిగ్రీ పేరు కొట్టి వెతికాను. జనం అభ్యంతరాలు చెప్పాక బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, లిబరల్ ఆర్ట్స్ అనే మాటలు రూల్‌లోంచి తీసేశామని శాఖే రాసింది. డిగ్రీకీ పనికీ “నేరుగా సంబంధం” అంటే తార్కికమైన సంబంధం అని వివరణ కూడా చేర్చింది. నాలాగా రాసినవాళ్లు ఎంతోమంది. అయినా ఆ పేరా చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

మీరు అడిగినదానికి జవాబు కనిపించకపోయినా కామెంట్ కాపీ పారేయకండి. రూల్ మీద ఎవరైనా కోర్టుకు వెళితే, ముఖ్యమైన అభ్యంతరానికి శాఖ జవాబు చెప్పిందా లేదా అని జడ్జి చూస్తారు. పంపగానే వచ్చే ట్రాకింగ్ నంబర్‌ను కూడా ప్రింట్ తీసుకోండి. నాది ఐ-797లు (వీసా మంజూరు నోటీసులు) పెట్టుకునే ఫైల్లో, అన్నిటికన్నా పైన ఉంది.