పిల్లలకు కారు నేర్పడం – 4వ పాఠం: ఆగడం

ఈసారి లేన్ మారడం చెబుతానన్నాను. కుదరదు. పోయిన పాఠం చదివి ఇద్దరు ముగ్గురు తండ్రులు పర్మిట్ (కారు నేర్చుకోవడానికి ఇచ్చే అనుమతి) వచ్చిన సాయంత్రమే పిల్లల చేతికి తాళాలిచ్చేశారు. తప్పు నాది కూడా. 'పర్మిట్ రాగానే మొదలుపెట్టండి' అని రాసి ఊరుకున్నాను.

కాలిఫోర్నియాలో 15½ ఏళ్లకు పర్మిట్ ఇస్తారు. కానీ ఈ వయసు పిల్లలకు డ్రైవింగ్ స్కూల్ ఇన్‌స్ట్రక్టర్‌తో మొదటి క్లాసు మొదలై, ఆయన ఖాయం చేసేదాకా అది చెల్లదు. హైస్కూల్లోనే కారు కూడా నేర్పే రోజులు ఇక్కడ దాదాపు పోయాయి, కాబట్టి ఆ 6 గంటల క్లాసులు డబ్బు కట్టి తీసుకోవాల్సిందే. ఆ తర్వాత మీ వంతు 50 గంటలు, అందులో 10 రాత్రిపూట. పక్కన కూర్చునే మనిషికి 25 నిండాలి, కాలిఫోర్నియా లైసెన్సు ఉండాలి. 22 ఏళ్ల అన్నయ్య పనికిరాడు. గుంటూరులో ముప్పై ఏళ్లు అంబాసిడర్ నడిపి మొన్ననే అమెరికాలో దిగిన తాతగారూ పనికిరారు.

సీటు, అద్దాలు, బెల్టు మీకు తెలుసు. స్టాప్ సైన్‌కి, అంటే కూడలి దగ్గర ఆగమని చెప్పే బోర్డుకి వద్దాం.

దీని దగ్గర నాకు ఒళ్లు మండుతుంది. బండి నెమ్మదిస్తుంది, పిల్లాడు అటూ ఇటూ చూస్తాడు, ఎవరూ లేరని జారుకుంటాడు. అడిగితే 'ఆగాను కదా అంకుల్' అంటాడు. ఆగలేదు. చక్రం పూర్తిగా నిలిస్తే, ముందుకు తూగిన ఒళ్లు వెనక్కొచ్చి సీటుకు మెత్తగా తగులుతుంది. ఆ తగలడం తెలియకపోతే ఆగనట్టే. తగిలాక 'ఒకటి, రెండు' అని పైకే అనిపిస్తాను. ఇన్ని సెకన్లని రూల్ ఏమీ లేదు, అది నా అలవాటు. లైసెన్సు టెస్టులో ఇలా ఒక్కసారి జారినా ఫెయిల్ కావచ్చు.

ఇంకోటి, ఎక్కడ ఆగాలి? ఆగడానికి రోడ్డు మీద గీసిన గీత ముందు. గీత లేకపోతే క్రాస్‌వాక్ (నడిచేవాళ్లు రోడ్డు దాటే చోటు) ముందు. అదీ లేకపోతే కూడలిలోకి అడుగుపెట్టకముందు. మూల మీద గుబురు పొద అడ్డమొచ్చి ఏమీ కనబడదు, అందుకని పిల్లలు కనబడే చోటిదాకా వెళ్లి ఆగుతారు. అలా కాదు. ముందు గీత దగ్గర ఆగాలి, తర్వాత మెల్లగా జరిగి చూడాలి, అవసరమైతే మళ్లీ ఆగాలి.

నాలుగు వైపులా స్టాప్ ఉన్నచోట ముందొచ్చిన బండి ముందు. ఇద్దరూ ఒకేసారొస్తే కుడివైపు బండికి దారివ్వాలి.

సాధన: ఇంటి దగ్గరి ఒకే కూడలిలో, బడి వదిలే వేళ, వరసగా 20 సార్లు. కారు ముక్కు గీత దాటితే లెక్క మళ్లీ ఒకటి నుంచి.