ఈసీ ఫైలు వెనక్కి రాకూడదంటే ముందు ఒక షీటు

అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి (ఈసీ) ఫైళ్లు తయారుచేయడం నా ఉద్యోగం. మియాపూర్‌లో చిన్న ఆఫీసు. బిల్డర్ కుర్చీలో కూర్చోగానే అడిగే మాట ఒకటే: "మేడమ్, మనకి ఈసీ పడుతుందా?"

కేంద్రం ఇచ్చిన 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లకు చేరితే పడుతుంది. అంటే దాదాపు 2.15 లక్షల ఎస్‌ఎఫ్‌టీ. చిక్కంతా దాన్ని లెక్కకట్టడంలోనే ఉంది. అమ్మే ఫ్లాట్లు ఒక్కటే కాదు, సెల్లార్లు, పార్కింగ్ అంతస్తులు, క్లబ్ హౌస్ అన్నీ కలపాలి. కొత్తలో నేను డ్రాయింగ్ మీదున్న 18,600 చూసి "అక్కర్లేదండీ" అనేశాను. రెండు సెల్లార్లు కలిపితే 26,000 దాటింది. అప్పటికింకా జేసీబీ దిగలేదు కాబట్టి బతికిపోయాను. ఈసీ లేకుండా పని మొదలుపెడితే అది ఉల్లంఘన కింద పడుతుంది, ఆ ఫైలు దారే వేరు.

అప్పట్నుంచి ఈసీకి దరఖాస్తు చేసే పరివేష్ పోర్టల్ తెరవకముందే ఎక్సెల్‌లో ఒక షీటు చేస్తున్నాను. మొదటి వరస, స్థలం. పాస్‌బుక్‌లో ఎకరాలు గుంటలు, సేల్ డీడ్‌లో గజాలు, డ్రాయింగ్‌లో చదరపు మీటర్లు ఉంటాయి. ఎకరం అంటే 4,840 గజాలు, 4,047 చదరపు మీటర్లు. మార్చి చూస్తే మూడూ కలవాలి. కలవకపోతే అక్కడే ఆగి సర్వేయర్‌ని పిలవండి. రోడ్డు వెడల్పులో పోయే జాగా విడిగా రాయండి.

తర్వాత నీళ్లు. 200 ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు వేస్తే 1,35,000 లీటర్లు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఎంత పెద్దది, శుద్ధిచేసిన నీళ్లు ఫ్లష్‌లకెంత, మొక్కలకెంత అన్నీ ఈ అంకెలోంచే రావాలి. ప్లంబింగ్ కన్సల్టెంట్ ఇంటికి నలుగురు, మేము ఐదుగురు వేసుకుంటే, ఫైలు పరిశీలించే కమిటీ మీటింగ్‌లో మొదటి ప్రశ్న అదే. "టైపింగ్ మిస్టేక్ సార్" అంటే నమ్మరు, ఆ కుర్చీలో నేనున్నా నమ్మను.

పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) రెండూ డ్రాయింగ్ మీద వేయించండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్లు వదలాలి. గండిపేట వైపయితే స్థలం కొనకముందే జంట జలాశయాల రక్షణకు నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 111 జీవో సంగతి తేల్చుకోండి. కొన్నాక నా దగ్గరికొస్తే నేనిచ్చేది టీ మాత్రమే.

ఈ షీటు ఆర్కిటెక్ట్‌తో, బిల్డర్‌తో సంతకం పెట్టించాకే పోర్టల్‌లో ఎక్కిస్తాను. మధ్యలో ఎవరైనా ఒక అంతస్తు పెంచితే షీటు మళ్లీ మొదట్నుంచి. బిల్డర్లు విసుక్కుంటారు, పోనీండి. ఈసీ వచ్చాకా పారేయను: ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి అనుమతి షరతులు పాటిస్తున్నామని ఇవ్వాల్సిన నివేదికలకు ఇవే అంకెలు కావాలి.