అమ్మమ్మగారి వెండి కంచాన్ని మెరుగుకి ఇచ్చేముందు

పండగ దగ్గరపడగానే బీరువాలోంచి పాత వెండి తీసి, నల్లగా ఉందని నేరుగా మెరుగుకి ఇచ్చేయకండి. మా అమ్మమ్మ కంచం అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఆవిడ పేరు ఉండేది. ఒక కొట్టులో మిషన్ మెరుగు పెట్టించాక చూస్తే చివరి రెండక్షరాలు వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు. అరిగిన వెండి మళ్ళీ రాదు.

ఆ నలుపు మురికి కాదు, గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడే పొర. ఇంట్లోనే తీసేయొచ్చు. వెడల్పాటి స్టీలు బేసిన్‌లో అల్యూమినియం ఫాయిల్ పరిచి, కంచం దానికి తగిలేలా పెట్టి, రెండు చెంచాల వంటసోడా, చిటికెడు ఉప్పు చల్లి, కంచం మునిగేదాకా మరిగిన నీళ్ళు పోయండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, కంగారుపడకండి, గంధకం వెండిని వదిలి అల్యూమినియాన్ని పట్టుకుంటోందన్నమాట. ఐదు నిమిషాలు చాలు. కడిగి, పాత నూలు పంచెతో తడి లేకుండా తుడవండి. టూత్‌పేస్ట్, పీచు మాత్రం వద్దు, గీతలు పడతాయి. రాళ్ళు పొదిగినవి, లక్కతో పిడి అతికించినవి ఈ నీళ్ళలో ముంచకండి.

అన్నిటికంటే జాగ్రత్త బిద్రీ సామాన్ల విషయంలో. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళలో బిద్రీ పాన్‌దాన్, అంటే తమలపాకులు, వక్కలు పెట్టుకునే డబ్బా, ఉంటుంది, దాని నలుపు అందం కోసం కావాలని పెట్టిందే. జింకు, రాగి కలిపిన లోహంలో వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో తెప్పించిన నలుపది. సోడా, నిమ్మకాయ తగిలితే పోతుంది. రెండు చుక్కల కొబ్బరినూనె అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక వాడటం. పాతబస్తీ నవాబుల ఇళ్ళలో దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) దగ్గర కూర్చోబోయే అతిథి చేతుల మీద ఆఫ్తాబాతో, అంటే కొమ్ముచెంబుతో, నీళ్ళు పోసి కింద చిలమ్చీ అనే పళ్ళెం పట్టేవారు, భోజనమయ్యాక ఖాస్‌దాన్ అనే మూతగిన్నెలో పాన్ అందించేవారు. మన ఇళ్ళలో కొత్త అల్లుడికి బంగారు పువ్వున్న వెండి కంచంలో వడ్డించడం, పసిబిడ్డకి ఉగ్గుగిన్నె, ఇవీ అలాంటి మర్యాదలే. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది కూర్చునే భోజనాల బల్ల చూసి మురిసిపోతాం కదా, మరి మన ఇంటి కంచాన్ని ఎందుకు దాచిపెట్టాలి? వాడుతూ కడుగుతూ ఉంటే నలుపు కూడా తక్కువ పడుతుంది. ఊరగాయ, పెరుగన్నం తిన్నాక రాత్రంతా సింకులో వదలకండి, ఉప్పు వెండిని తినేస్తుంది. కోడిగుడ్డు అసలే వడ్డించొద్దు. దాచేటప్పుడు న్యూస్‌పేపరు, రబ్బరుబ్యాండు తగలనివ్వకుండా, పూర్తిగా ఆరాక మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, పక్కన ఒక సుద్దముక్క పెట్టండి, చెమ్మ లాగేస్తుంది.